ఊరూ పేరూ లేని ఏరు

అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే ఖాళీ గోడ అన్నది కనిపించదు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల కాగితాలు, ఉద్యోగాలు వచ్చినవాళ్ల ఫొటోలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ తర్వాత మన పిల్లలకు ఈ వీధితో పని ఎక్కువైంది.

ఒక చలికాలం మేము ముగ్గురం టీచర్లం నలుగురు పిల్లల్ని డీఎస్సీ కోచింగులో చేర్పించడానికి అక్కడికి వెళ్లాం. హాస్టల్ మెట్లెక్కగానే గోడ నిండా ఒక ఫొటో. తెల్లవారుజాము. నది మీద పొగమంచు. నడుము లోతు నీళ్లలో టోపీ పెట్టుకున్న ఒక మనిషి. చేతిలో సన్నటి గాలపు కర్ర. గాలిలో సుడి తిరిగిన దారం, దాని మీద తొలి ఎండ. కింద పెద్ద అక్షరాలతో తెలుగులో 'ఓపిక పట్టినవాడిదే గెలుపు' అని రాసుంది.

కూనవరం వైపు నుంచి వచ్చిన పిల్లాడు బ్యాగు దించకుండానే, "సార్, మన శబరిలాగే ఉంది" అన్నాడు. పక్కనున్న అమ్మాయి, "శబరి ఒడ్డున ఆ చెట్లు ఎక్కడివి రా?" అంది. నిజమే. ఒడ్డున ఉన్నవి సూదుల్లాంటి ఆకులుండే చలిదేశపు చెట్లు. పిల్లాడు ఒప్పుకోలేదు. "చెట్లు కాకపోతే కాకపోనీ. మంచు మాత్రం మనదే" అన్నాడు.

ఆ సాయంత్రం పంజాగుట్ట దాకా నడిచాం. రోడ్డు పక్కన ఫొటోలకు ఫ్రేములు కట్టే చిన్న దుకాణం. అందులో ఇలాంటివే పది దాకా ఉన్నాయి. క్లినిక్కులు, హోటళ్లు, ఆఫీసులు పట్టుకెళ్తాయట. "మంచు ఉన్న నది బాగా పోతది సార్. ఏ గదికైనా సరిపోతది" అన్నాడు దుకాణం ఆయన. ఇది ఏ నది అని అడిగాం. "నదే సార్. ఏ నదైతే ఏముంది?" అన్నాడు.

ఆయన తప్పు మాట అనలేదు. ఆ ఫొటో చేసే పని మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పాడు. ఏ నదో తెలియకపోవడం వల్లనే అది ఏ గదికైనా సరిపోతుంది. ఈ వ్యాసం ఆ మాట గురించే. మంచు నది ఫొటో అందంగా ఉంటుందా లేదా అన్నది మా ప్రశ్న కాదు. అందంగానే ఉంటుంది. ఆ అందం కోసం ఫొటోలోంచి ఎవరు పక్కకు తప్పుకోవాల్సి వస్తుంది, తప్పుకున్నవాళ్లకు తర్వాత ఏమవుతుంది అన్నదే మా ప్రశ్న.

మంచు ఏం చేస్తుంది

ముందు ఆ ఫొటోకు దక్కాల్సిన మర్యాద దక్కాలి. అలాంటి ఫొటో తీయడం తేలిక కాదు. ఆకాశం తేటగా ఉన్న చలికాలపు రాత్రి నేల వేడి త్వరగా పోతుంది. చల్లటి గాలి కొండల మీంచి లోయలోకి జారుతుంది. నది నీళ్లు మాత్రం అంత త్వరగా చల్లబడవు. వెచ్చటి నీటి మీంచి లేచిన ఆవిరి చల్లటి గాలి తగిలి సన్నటి చుక్కలవుతుంది. ఏరు పొగ కక్కుతున్నట్టు కనిపిస్తుంది. పొద్దు కాస్త ఎక్కితే అంతా చెదిరిపోతుంది. ఆ కాస్త సమయం కోసం ఫొటో తీసేవాడు చీకటితోనే లేచి, చలిలో కాచుకుని ఉండాలి.

కెమెరా కూడా ఊరికే మాట వినదు. తెల్లటి మంచును చూసి వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోను బూడిద రంగులోకి దించుతుంది. తెలిసినవాళ్లు వెలుతురును ఒక మెట్టు పెంచి తీస్తారు. సూర్యుడికి ఎదురుగా నిలబడితే మంచు వెలుగుతుంది. దూరాన్ని దగ్గరకు లాగే లెన్స్ పెడితే కొండలు ఒకదాని వెనక ఒకటి పలచటి తెరల్లా అమరుతాయి. ఇదంతా నేర్చుకోవాల్సిన విద్య. మన పిల్లలు నేర్చుకుంటే మాకు సంతోషమే.

కానీ మంచు ఇంకో పని కూడా చేస్తుంది. దూరాన ఉన్నవాటిని దాచేస్తుంది. కరెంటు స్తంభం, రేవులో ఉతికే బండ, ఆరేసిన వల, గట్టు మీది పూరిల్లు, ఇసుక లారీ, అన్నీ మాయమవుతాయి. మిగిలేది ఒక గీతలాంటి ఒడ్డు, ఒక నీడలాంటి చెట్టు. ఫొటో తీసేవాళ్లు మంచును ఇష్టపడటానికి పెద్ద కారణం ఇదే. ఎదురుగా ఉన్న గందరగోళాన్ని అది ఊడ్చేస్తుంది. మా బాధ ఏమిటంటే, ఆ గందరగోళం అన్నదాంట్లో మనం కూడా ఉన్నాం.

మంచులో మన పెద్దవాళ్లు కూడా ఏటికి వెళ్తారు. వాళ్లకు ఆ వేళ చూడటానికి కాదు, వినడానికి. కళ్లకు ఏమీ ఆననప్పుడు చేప ఎగిరిన చప్పుడు, తెడ్డు చప్పుడు, అవతలి పడవవాడి కేక, వీటిని పట్టుకునే పని జరగాలి. రాత్రి కట్టిన వల తీయాలి. పొద్దు ఎక్కేలోగా చేప సంతకు చేరాలి. అదే తెల్లవారుజాము. ఒకరికి వెలుతురు బాగుండే వేళ, ఇంకొకరికి పని వేళ. గోడ మీది ఫొటోలో మొదటిది ఉంది. రెండోది లేదు.

గాలం ఎవరిది

ఫొటోలోని మనిషి చేస్తున్నదాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. మన గాలానికి వానపామునో పిండినో గుచ్చుతాం. వాళ్ల గాలానికి ఈకలు, దారాలు చుట్టి పురుగులాంటి బొమ్మ చేస్తారు. ఆ బొమ్మకు బరువు ఉండదు కాబట్టి దారాన్నే బరువుగా తయారు చేసి, కర్రతో ముందుకూ వెనక్కూ ఊపి విసురుతారు. ట్రౌట్ అనే చల్లనీటి చేప కోసం ఈ పద్ధతి పేరు పొందింది. ఆ చేప మన దేశానిది కాదు. 1900 ప్రాంతంలో తెల్లవాళ్లు కశ్మీరు వాగుల్లో తెచ్చి వదిలారు. తర్వాత నీలగిరుల్లో, మున్నారు వైపు కూడా పెంచారు. గోదావరి, శబరి, కిన్నెరసాని నీళ్లు దానికి పడవు. దక్షిణాదిలో దొరల కన్ను ఎక్కువగా మహసీర్ అనే పెద్ద చేప మీద పడింది. మద్రాసు సివిల్ సర్వీసులో పని చేసిన హెచ్.ఎస్. థామస్ 1873లోనే భారతదేశంలో గాలం వేట మీద పెద్ద పుస్తకం రాశాడు.

ఇప్పుడు ఈ వేటలో చాలామంది చేపను పట్టి, రెండు చేతులతో ఎత్తి ఫొటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. మన వాడల్లో ఈ సంగతి చెబితే నవ్వుతారు. "పట్టింది వదలడానికా?" అని అడుగుతారు. మేము కూడా నవ్వాం. కానీ నవ్వి వదిలేయడం న్యాయం కాదు. పట్టి వదలడం వల్ల చేప జాతి నిలుస్తుంది. కావేరి మీద మహసీర్ అంతరించకుండా చూడాలన్న ఆలోచనలో గాలం వేటగాళ్ల పాత్ర కూడా ఉంది. మన దగ్గర డైనమైట్ పేల్చి, మందు కలిపి ఏరంతా చంపుతున్నవాళ్ల కంటే వాళ్లు వెయ్యి రెట్లు నయం.

అయితే తేడా మరో చోట ఉంది. ఆ ఫొటోలో చేప ఒక ఆట. ఆటగాడు ఒక్కడే ఉంటాడు. ఆట ఎప్పుడూ ఒంటరి మనిషిదీ, అతని ఓపికదీ. అందుకే దాని కింద గెలుపు గురించిన మాట సరిగ్గా అతికింది. మన దగ్గర చేప కూడు. ఎండాకాలం మడుగు పట్టే రోజున ఊరు ఊరంతా దిగుతుంది. ఊత పట్టేవాళ్లు, వల పట్టేవాళ్లు, బుట్టతో గట్టున నిలబడే ఆడవాళ్లు, నీళ్లు బురద చేసే పిల్లలు. బొచ్చె, జెల్ల, వాలుగ, పరకలు, ఏది దొరికినా పంపకం ఉంటుంది. ఏటికి దిగలేని ముసలివాళ్ల ఇంటికి కూడా ఒక వాటా వెళ్తుంది. దీన్ని గెలుపు అనరు. ఆ ఫొటో కింద ఉన్న మాట ఈ ఫొటో కింద పెడితే అతకదు.

మన పిల్లవాడు నాలుగు నెలలు పొద్దున లేచి మెట్లు దిగుతూ ఆ మొదటి ఫొటోనే చూస్తాడు. నది అంటే ఒంటరి మనిషి, ఖాళీ ఒడ్డు అని కంటికి అలవాటవుతుంది. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు తన ఏరు కూడా అలా కనిపించాలని చూస్తాడు. అమ్మ అడ్డం వస్తే, "అమ్మా, కాస్త పక్కకు జరుగు" అంటాడు. మేము ఊహించి రాయడం లేదు. మా ఇళ్లలోనే ఈ మాట విన్నాం.

చెరిపేసిన గడియారం

ఇలా పక్కకు జరపడం మనతో మొదలైంది కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ అనే ఫొటోగ్రాఫర్ అక్కడి ఆదివాసుల మీద 1907 నుంచి 1930 దాకా 20 సంపుటాలు అచ్చు వేశాడు. అందులో పీగన్ తెగవాళ్ల గుడారం లోపల తీసిన 1910 నాటి ఫొటో ఒకటి ఉంది. ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటారు. వాళ్ల మధ్య ఒక అలారం గడియారం ఉండేది. అచ్చులోకి వచ్చేసరికి దాన్ని చెరిపేశారు. ఆదివాసి దగ్గర గడియారం ఉండకూడదు. ఉంటే అతను అందరిలాంటి మనిషైపోతాడు. అప్పుడు ఫొటోకు గిరాకీ తగ్గుతుంది. అయినా కర్టిస్ లేకపోతే ఆ ముఖాలు ఇవాళ మనకు కనిపించేవి కావు. రెండూ నిజమే. విమర్శ అంటే రెండూ చెప్పడం.

ఇంకో పద్ధతిలో మనుషుల్నే ఫొటోలోకి రానివ్వరు. ఆన్సెల్ ఆడమ్స్ 1942లో స్నేక్ నదినీ, టీటన్ పర్వతాలనూ తీసిన నలుపు తెలుపు ఫొటో ప్రపంచమంతా తెలుసు. 1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకల బంగారు పళ్లెంలో మన భూమిని పరిచయం చేసే బొమ్మల్లో అది కూడా ఉంది. మెలికలు తిరిగిన నది, వెనక కొండలు, మబ్బుల వెలుగు. గొప్ప ఫొటో. అందులో మనిషి జాడ లేదు. షోషోనీలు లాంటి తెగలు ఆ ప్రాంతంలో తరతరాలుగా తిరిగి, వేటాడి, బతికారన్న సంగతి ఆ ఫొటో చూస్తే తెలియదు. ఎవరూ లేని చోటులా ఉంటుంది.

గాలం వేటను సినిమాగా చూపించినవాటిలో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ తీసిన 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' పేరున్నది. 1992లో వచ్చింది. మోంటానా రాష్ట్రపు నదుల మీద వెలుగు, గాలిలో దారం తిరిగే తీరు చూపించినందుకు ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చింది. ఆ తర్వాత ఆ రకం వేట మీద మోజు పెరిగింది. మా హాస్టల్ గోడ మీది టోపీ మనిషికి అతనే పెద్దన్న. అంటే అమీర్‌పేట మెట్ల మీద ఉన్న ఆ బొమ్మకు పెద్ద వంశమే ఉంది. అదేదో గోడకు అంటించిన కాగితం అని తీసిపారేయలేం.

గోదావరి దగ్గరికి వస్తే

మన గోదావరిది కూడా ఇదే కథ. తెలుగువాళ్లు పాపికొండలను ఎక్కువగా చూసింది పడవ మీంచే. బాపు 'అందాల రాముడు' 1973లో, శేఖర్ కమ్ముల 'గోదావరి' 2006లో, రెండూ భద్రాచలం దాకా సాగే పడవ ప్రయాణాలే. రెండూ మాకు ఇష్టమైన సినిమాలే. కానీ పడవ మీంచి చూస్తే గట్టు కదిలిపోయే నేపథ్యం అవుతుంది. కథ అంతా పడవలో ఉంటుంది. ఇవాళ పర్యాటకుల ఫోన్లలో ఉన్న పాపికొండలు కూడా పడవ కప్పు మీంచి తీసినవే. రెండు కొండలు, మధ్యలో మంచు, కింద నీళ్లు.

ఆ గట్టు మీద కొండరెడ్లు, కోయలు ఉన్నారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశ 41.15 మీటర్లు. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని ఊళ్లు ఉన్నాయో మన పిల్లలకు చెప్పనవసరం లేదు. మొత్తం మీద మునిగే ఆవాసాలు 300కు పైనే. దేవీపట్నం మండలంలో కాఫర్ డ్యామ్ వెనక నిలిచిన వరదలో 2019 నుంచే ఊళ్లు మునిగాయి.

అదే 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. చాలామంది పోయారు. బతికినవాళ్లను నాటు పడవలేసుకుని వెళ్లి ఒడ్డుకు చేర్చింది తూటుగుంట ఊరివాళ్లు. అప్పటిదాకా ఆ గట్టు ఫొటోలకు నేపథ్యం. ఆ పూట మాత్రం గట్టు మీంచి మనుషులు దిగి వచ్చారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు, మంచు వెనక ఖాళీ లేదని తెలుస్తుంది.

భద్రాచలం వాళ్లం నదిని అంకెల్లో కూడా చదువుతాం. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 వచ్చింది. ఏ అంకెకు ఏ రోడ్డు తెగుతుందో, ఏ బడి మూతపడుతుందో మాకు కంఠతా వచ్చు. మంచు ఫొటోలో ఉన్న నదికి ఈ లెక్కలు లేవు. అది ఎప్పుడూ నిండుగా, ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటుంది. దానికి తారీఖు ఉండదు కాబట్టి అది ఎవరి ఇల్లూ ముంచదు.

మనుషులున్న ఫొటోలు లేవా అంటే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోదావరి లోయలో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో పుస్తకం అచ్చు వేశాడు. కలప వ్యాపారుల చేతిలో వాళ్లు ఎలా చిక్కుకున్నారో రాశాడు. ఆదిలాబాద్ మార్లవాయిలో 1943లో గోండు టీచర్ల శిక్షణ మొదలవడానికి కూడా ఆయనే కారణం. మనలాంటి టీచర్లకు ఆయన పరాయివాడు కాదు. ఆయన ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిలో మన తాతలున్నారు. కానీ ఆ కాలపు మానవశాస్త్ర పుస్తకాలకు ఒక అలవాటు ఉండేది. ఫొటో కింద మనిషి పేరు కంటే తెగ పేరే ముందు వచ్చేది. మంచు ఫొటోలో నదికి పేరు లేదు. ఈ ఫొటోల్లో మనిషికి పేరు తక్కువ. ఊరూ పేరూ రెండూ ఉన్న ఫొటో ఎవరు తీయాలి? మనమే తీయాలి.

బాగా రాని ఫొటో

ఇంతసేపూ బయటివాళ్ల మాట చెప్పాం. ఇప్పుడు మన మాట.

కొన్నేళ్ల కిందట పునరావాస కాలనీకి మారిన ఒక ఊరి పిల్లలతో పాత ఊరి ఫొటోలు ఒక చోట చేర్చాలనుకున్నాం. ఊరు పేరు ఇక్కడ రాయడం లేదు. ఫోన్లలో ఉన్నవన్నీ తెమ్మన్నాం. వందకు పైగా వచ్చాయి. సంతోషపడ్డాం. తీరా తెరిచి చూస్తే సగానికి పైగా సూర్యోదయాలే. నది మీద మంచు, మంచులో చెట్టు, చెట్టు పక్కన పిల్లాడి సెల్ఫీ. కొన్నిటి మీద 'శుభోదయం' అని కూడా రాసుంది. రేవు ఎక్కడుండేది? కనబడలేదు. ఊరి అమ్మవారి తావు? లేదు. పడవలు కట్టే చింతచెట్టు? మంచులో నల్లటి మచ్చలా ఉంది, అది చింతో వేపో తెలియదు. ఆ ఊరు ఉండగానే ఆ పిల్లలు అక్కడ ఊరు లేనట్టు ఫొటోలు తీసుకున్నారు. నేర్పింది ఎవరు? మేము కూడా. మా వాట్సాప్ స్టేటస్సులు తిరగేసుకుంటే మాకూ సిగ్గనిపించింది.

వాటిలో ఒక్క ఫొటో మాత్రం వేరుగా ఉంది. వంకరగా వచ్చింది. ఒక మూల తీసినవాళ్ల వేలు అడ్డం పడింది. ఒక ముసలామె రేవు బండ మీద కూర్చుని చేపలు తోముతోంది. వెనక రెండు పడవలు, వల ఆరేసిన కర్రలు, చింతచెట్టు మొదలు. పక్కన కాకి. ఆ ఫొటో తెచ్చిన అమ్మాయి, "ఇది బాగా రాలేదు సార్, తీసేద్దామనుకున్నా" అంది. ఆ ఊరి పెద్దవాళ్లు ఆ ఫొటో చుట్టూ గంటసేపు కూర్చున్నారు. ఆ బండను ఎవరు దొర్లించి తెచ్చారో, ఎడమవైపు పడవ ఎవరిదో, ఆ కర్రల దగ్గర ఏ లోతు ఉండేదో చెప్పుకున్నారు. మిగతా వంద ఫొటోల దగ్గర ఎవరూ ఆగలేదు.

అప్పటి నుంచి మాకు 'బాగా వచ్చిన ఫొటో' అన్న మాట మీద నమ్మకం పోయింది. ఎవరికి బాగా వచ్చింది? గోడకా, ఊరికా? పంజాగుట్ట దుకాణంలో ఆ ముసలామె ఫొటో అమ్ముడుపోదు. ఏ గదికీ సరిపోదు. ఒక్క ఊరికే సరిపోతుంది.

ఇది మనసుకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపల మీద, నీటి వనరుల మీద సామూహిక హక్కును గుర్తించింది. దాని నియమాల్లో 13వ నియమం సామూహిక హక్కుకు ఏవేవి రుజువులవుతాయో చెబుతూ, మేత బీళ్లు, దుంపలు తవ్వే చోట్లతో పాటు చేపలు పట్టే తావులను కూడా పేర్కొంది. పెద్దల వాంగ్మూలం కూడా రుజువే. ఫొటో ఒక్కటే హక్కు తెచ్చిపెట్టదు. కానీ గ్రామసభలో పెద్దాయన చెప్పే మాటకు రేవు, వల, మనుషులు ఉన్న ఫొటో తోడు నిలుస్తుంది. ఖాళీ ఒడ్డు ఫొటో దేనికి తోడు నిలుస్తుంది? ఇక్కడ ఎవరూ లేరనేవాడి మాటకు.

తరగతిలో, సెల్‌ఫోనులో

అందుకని మంచు ఫొటోలు మానేయమని మేము చెప్పం. ఆ పిల్లాడు అన్నట్టు మంచు మనదే. తెలుగులో ఏరు అంటే పారే వాగు, నది. కోయలో ఏరు అంటే నీళ్లు, కుండలోవైనా గుక్కెడువైనా. మనకు ఆ మాటలోనే దూరపు దృశ్యం, ఇంట్లో తాగే నీళ్లు ఒకటిగా ఉన్నాయి. ఫొటోలో కూడా రెండూ ఉండేలా చూసుకుందాం.

టీచర్లకు మేము చేసి చూసిన పని ఒకటి చెబుతాం. ఒక నది ఫొటో బోర్డు మీద పెట్టి ఐదు ప్రశ్నలు అడగండి. ఇది ఏ నది, ఏ ఊరు? ఏ నెల, ఏ వేళ? తీసినవాళ్లు ఎక్కడ నిలబడ్డారు, పడవ మీదా, గట్టు మీదా, నీళ్లలోనా? ఫొటో అంచుకు ఆవల ఏముండి ఉంటుంది? ఇందులో ఉన్నవాళ్లో, ఉండాల్సినవాళ్లో ఈ ఫొటో చూస్తే ఏమంటారు? ఐదో తరగతి పిల్లలు కూడా జవాబులు చెబుతారు. మూడో ప్రశ్న దగ్గర తరగతి గొడవ గొడవ అవుతుంది. కానివ్వండి. సైన్సు టీచర్ ఉంటే మంచు ఎలా పుడుతుందో అదే గంటలో చెప్పొచ్చు. పాఠం దృశ్యం నుంచి ఏటి దాకా వెళ్తుంది.

యువకులకు ఒక మాట. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. తెల్లవారి తీయండి. తెర మీద వేలితో తాకి వెలుతురు కాస్త పెంచండి, మంచు తెల్లగా వస్తుంది. ఆ తర్వాత ఇంకా మూడు ఫొటోలు తీయండి. ఒకటి రేవుది. ఒకటి పని చేస్తున్న చేతులది. ఒకటి మనుషులది, వాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే. ప్రతి ఫొటో కింద ఊరు, రేవు పేరు, తారీఖు, మనిషి పేరు, చేప పేరు, వల పేరు రాయండి. చేప పేరు మీ భాషలో ఏమంటారో అదే రాయండి. తెలుగు పేరు వెతుక్కునే పని లేదు. నాయనమ్మ మాట కూడా ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. మంచు మళ్లీ వచ్చే చలికాలం వస్తుంది. రేవు ఉంటుందో లేదో చెప్పలేం.

డీఎస్సీ కోచింగుకు వెళ్లిన ఆ కూనవరం పిల్లాడు సంక్రాంతికి ఇంటికి వెళ్లి మాకు ఒక ఫొటో పంపాడు. శబరి మీద మంచు బాగానే ఉంది. ఎడమవైపు వాళ్ల నాయన మోకాళ్ల మీద వల పరుచుకుని చిరుగు కుడుతున్నాడు. తల సగం ఫొటోలో లేదు. కింద ఊరు పేరు, నాయన పేరు, వల ఎన్నేళ్ల పాతదో రాశాడు. 'నాయన్ను పక్కకు జరగమనలేదు సార్' అని చివర్న ఇంకో ముక్క రాశాడు.

మేము దాన్ని అచ్చు తీయించి బడి గోడకు పెట్టాం. ఫ్రేము కట్టడానికి మాత్రం ఇంకా డబ్బులు కూడలేదు.